సొరంగం ముందు పతకం

ఏటి దగ్గర్నుంచి నీళ్లు మోసి మోసి డెల్మర్ భుజాలు ఒరుసుకుపోయాయి. మధ్యాహ్నం పార్కు ప్రారంభోత్సవం. వాషింగ్టన్ నుంచి పెద్దమనిషి వచ్చేలోగా సొరంగం ముఖం కడిగి మెరిపించాలని క్యాంపు కెప్టెన్ హుకుం. ఊళ్లలో పనుల్లేక పస్తులుంటున్న కుర్రాళ్లకు సర్కారు ఈ వర్జీనియా కొండల్లో పని చూపించి మూడేళ్లయింది. జీతంలో ముప్పాతికకు పైగా తిన్నగా ఇళ్లకు పోతుంది.

డెల్మర్‌ను కాల్చేస్తున్నది ఎండ కాదు. సొరంగం తొలిచిన కూలీలందరి తరఫున పతకం అందుకోవడానికి వెర్నన్‌ను ఎంచారు. ఇద్దరిదీ ఒకే ఊరు, క్యాంపులో పక్కపక్క మంచాలు. వెర్నన్ పొడగరి, ఫొటోలో బాగుంటాడట. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నీడన నిలబడ్డాడు.

"ఏరా పెళ్లికొడుకా, బకెట్ ముట్టుకుంటే మెరుగు పోతుందా?" అన్నాడు డెల్మర్.

"కెప్టెన్ ముట్టుకోవద్దన్నాడురా. నన్నేం చెయ్యమంటావ్?"

"నీ మొహం పేపర్లో చూసి మీ అమ్మ ఊరంతా తిప్పుతుంది. మా అమ్మేమో వీధి చివరిదాకా వెళ్లి ఆ పేపరే చూసొస్తుంది."

బకెట్ అక్కడే దించి డెల్మర్ కెప్టెన్ దగ్గరికి నడిచాడు.

"సార్, వెర్నన్ మూడేళ్లూ వంటశాలలోనే ఉన్నాడు. సొరంగంలో అడుగైనా పెట్టలేదు."

"నువ్వు పెట్టావా?"

"పెట్టాను సార్."

నిజానికి డెల్మర్ పేర్చింది బయటి రోడ్డు పక్క పిట్టగోడ. కెప్టెన్‌కు విచారించే తీరిక లేదు. "అయితే ఆ చొక్కా నువ్వే వేసుకో" అన్నాడు.

వెర్నన్ చొక్కా విప్పి ఇచ్చాడు. ఇచ్చాక అడిగాడు.

"కొండ తొలిచింది రూబెన్ వాళ్లు కదరా. అదీ చెప్పావా?"

"వాళ్లనెవరు పిలిచారు?"

రూబెన్‌ది గట్టు అవతలి నల్లవాళ్ల క్యాంపు. కొండ తొలిచిందీ, రాయి విరిగి పడి ఒకణ్ణి పోగొట్టుకున్నదీ వాళ్లే. వాళ్లను సభకు తేవడానికి ఇవాళ ఒక్క లారీ కూడా వెళ్లలేదు.

మధ్యాహ్నం సభలో బ్యాండు ఆగింది. పెద్దమనిషి పతకం తీసి డెల్మర్ గుండె మీదికి వంగాడు.

"ఈ కొండను తొలిచింది నీ చేతులేనా బాబూ?"

డెల్మర్ అవునందామనుకున్నాడు. జనానికి కట్టిన తాడు అవతల రూబెన్ కనిపించాడు. నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్లదాకా దుమ్ము. టోపీ చేతిలో పట్టుకుని, పతకం వైపు గానీ డెల్మర్ వైపు గానీ చూడకుండా, సొరంగం కప్పును చూస్తున్నాడు. సొంత ఇల్లు కట్టుకున్నవాడు దూలాలను చూసుకునే చూపు అది. పొద్దుటినుంచీ వెర్నన్ చొక్కా మీద ఏడ్చిన డెల్మర్‌కు ఆ చూపును చూస్తే అంతకంటే ఎక్కువ కడుపు మండింది. ఈ పతకం తగిలించుకున్నా ఆ చూపు తనకు రాదు.

"కాదండీ" అన్నాడు. మైకులో ఆ మాట కొండంతా వినపడింది. "నేను పిట్టగోడ కట్టాను. తొలిచింది అదిగో, ఆ తాడు అవతల ఉన్నాడే, ఆయనా, ఆయన వాళ్లూ."

పెద్దమనిషి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కెప్టెన్ కనుసైగతో ఇద్దరు పోలీసులు రూబెన్‌ను వెళ్లగొట్టడానికి తాడు వైపు కదిలారు.

రూబెన్ టోపీ తలకు పెట్టుకున్నాడు. వెనక్కి మాత్రం జరగలేదు.