టేపుకు దొరకని మనుషులు

మాది బట్టలు కుట్టే కొట్టు. ముందు మిషన్ మీద నేను, వెనక మిషన్ మీద మా ఆవిడ. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోన్. పన్నెండేళ్ళ మావాడు దాంట్లో హోంవర్కు చేసుకుంటూ చూడకూడనిది చూశాడు. నేను వెనక్కి తిరిగేసరికి ఫోన్‌ని లైనింగు గుడ్డల కింద దాచాడు. ముఖం దాచుకోవడానికి గుడ్డ దొరకలేదు.

ఆనాటి నుంచి వాడు మాట్లాడడం మానేశాడు. "రారా, ప్యాంటుకి కొలతలు తీస్తా" అంటే "పాతవే చాలు" అని గోడకు అతుక్కుపోయేవాడు. పాతవి చీలమండలు దాటి పైకొచ్చాయి. దర్జీ కొడుకు పొట్టి ప్యాంటేసుకుని తిరిగితే జనం నవ్వుతారు, నవ్వనీ. వాగుడుకాయ లాంటివాడు దేనికో బెదిరిపోయి, ఆ బెదురు నాకు చెప్పడం లేదు. నా గొంతులో ముల్లు అదే.

"వాడితో మాట్లాడండి" అంది మా ఆవిడ.

"ఏం మాట్లాడను?"

"అదీ నేనే చెప్పాలా?"

బడికి వెళ్ళి మాస్టారిని అడిగాను. ఫోన్ లాక్కోమన్నాడు.

"ఒంటి గురించి పుస్తకంలో పాఠం ఉందట కదండీ?"

"ఉంది. ఇంట్లో చదువుకోమని చెప్పేశాం."

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ పాఠం దాకా రాలేకపోయానని ఇన్నేళ్ళూ చిన్న దిగులుండేది. ఆరోజుతో తీరింది.

చివరికి ఫోన్ల కొట్లో పనిచేసే మా బావమరిది వచ్చి, ఫోన్లో కాపలా యాప్ ఒకటి పెట్టాడు.

"బావా, ఇక చీమ కూడా దూరదు."

"చీమలతో నాకేం ఇబ్బంది లేదురా."

ఆ వారమే హోటల్ మేనేజరు తన పనివాళ్ళ కోట్లకు కొలతలు ఫోన్లో పంపుతానన్నాడు. మెడలూ చేతులూ వచ్చాయి. మిగతా చోట్ల "ఈ సందేశం మీ కుటుంబానికి తగినది కాదు" అని వచ్చింది. మిగతావి తర్వాత పంపుతాడని ఊరుకున్నాను. పంపలేదు. మనిషే వచ్చాడు.

"కోట్లేవయ్యా?"

"కొలతలేవి సార్?"

తన ఫోన్ తీసి చూపించాడు. ఛాతీ, నడుము, తొడ అన్న మాటలున్న వరసలన్నీ మా కాపలా మింగేసింది. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నది బూతు పని అని తేల్చేసింది.

మూల కూర్చున్న మావాడు చాలా రోజులకు నోరు విప్పాడు. "అది వేస్టు నాన్నా. పక్క బెంచీవాడి ఫోన్లో అన్నీ వస్తాయి."

"చూస్తున్నావా?"

"చూడకపోతే వెక్కిరిస్తారు." చొక్కా కొస మెలిపెడుతూ, "ఆ ఫోన్లో వాళ్ళెవరూ నాలా లేరు. నాలో ఏదో తేడా ఉంది" అన్నాడు.

మేనేజరు లేవబోయాడు.

"కూర్చోండి సార్, కొలతలు రాసుకోవాలి" అని, మావాడి వైపు తిరిగాను. "ఈ ఊళ్ళో సగం మందికి టేపు వేశానురా. ఫోన్లో ఉన్నవాళ్ళలాంటి మనిషి ఒక్కడూ దొరకలేదు. ఒకడికి భుజం వాలు, ఒకడికి పొట్ట. ఈ సారుకి ఎడమ కాలు పొట్టి."

"నా కాలు సంగతి పిల్లాడికెందుకయ్యా?"

"పాఠం సార్."

అద్దాల బీరువాలో చొక్కా తొడిగి నిలబెట్టిన బొమ్మను వెనక్కి తిప్పాను. చొక్కా వీపు మీద వరసగా గుండుసూదులు. "ముందు నుంచి చూస్తే అతికినట్టుంటుంది. ఫోన్లో వాళ్ళదీ ఇంతే. నటించడానికి డబ్బు తీసుకుంటారు. వెనక సూదులు చూపించరు."

వాడు సూదుల్ని వేలితో తడిమాడు. "మరి అందులో ముట్టుకునే ముందు ఎవరూ ఎవర్నీ అడగరేం?"

"అదే అసలు అబద్ధం. నేను టేపు వెయ్యడానికే అడుగుతాను. అడక్కుండా ఒంటి మీద చెయ్యి వేసేవాడు మనిషి కాదు."

"నన్నెప్పుడూ అడగలేదే?" అన్నాడు మేనేజరు.

"ప్రతిసారీ అడిగాను సార్. మీరు ఫోన్ మాట్లాడుతూ తలూపారు."

"అది ఫోన్లో వాడికి ఊపాను!"

"విన్నావుగా," అన్నాను మావాడితో. "తల ఊపితే సరిపోదు. నోటితో చెప్పాలి. నేనూ ఇప్పుడే నేర్చుకున్నా."

వాడు నవ్వాడు. నవ్వి, ఇంకో ప్రశ్న అడిగాడు. నా చెవులు వేడెక్కాయి.

"నాకు తెలీదురా" అన్నాను.

వెనక మిషన్ ఆగింది. "నాకు తెలుసు. కాస్త సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్తాను. ఇటు రా" అంది మా ఆవిడ.

వాడు లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. మేనేజరు ఇక వెళ్ళిపోతాడనుకున్నాను.

"నాకూ ఇద్దరు పిల్లలున్నారమ్మా. కొంచెం గట్టిగా చెప్పండి" అని, ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.