క్రిస్టల్ సవతులు

"రెండు చేతులతో పట్టుకో స్మృతీ. అది అరవై రెండు నాటిది," అన్నాడు అనుదీప్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

స్మృతి పట్టుకునే ఉంది. అమెరికాలో, నేపర్‌విల్ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దాల అల్మరా నిండా సన్నమెడ క్రిస్టల్ డికాంటర్ సీసాలు, వాటి నిండా ఆమె పుట్టకముందే ఫ్రాన్సు పీపాల్లో నిద్రపోయిన కోన్యాక్ బ్రాందీ. అతిథులొస్తున్నారంటే వాటి దుమ్ము తుడిచేది ఆమె. వాటిని చూస్తే ఒళ్ళు మంట. సిగ్గు విడిచి చెప్పాలంటే అసూయ. మనిషైతే సవతి అని పేరైనా పెట్టి ఏడవొచ్చు, సీసాల మీద కుళ్ళుకుంటున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? అల్మరాలో వేడి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, అతని ఫోన్ మోగుతుంది, మీటింగ్ వదిలేసి పరిగెత్తుకొస్తాడు. పోయిన నెల ఆమెకి నూట రెండు జ్వరం వస్తే, "టాబ్లెట్ వేసుకో, నాకు కాల్ ఉంది," అన్నాడు. ఆ సీసాల్ని అస్తమానం కదపకూడదట, ప్రశాంతంగా ఉండనివ్వాలట. ఆదివారం పొద్దున్నే కాఫీ కోసం ఆమెని మాత్రం తట్టి లేపుతాడు.

సాయంత్రం అతని స్నేహితుడు రాజ్, భార్య అదితి వచ్చారు. అలవాటు ప్రకారం ఆడవాళ్ళు పైన వంటింట్లో, మగవాళ్ళు కింద. స్మృతి పకోడీల ప్లేటుతో దిగేసరికి రాజ్ ఒక ఖాళీ డికాంటర్‌ని లైటుకి ఎత్తి చూస్తున్నాడు.

"మెడ ఇంత సన్నగా ఉంది, లోపల మరక ఎలా క్లీన్ చేస్తావ్ బ్రో?"

"గుప్పెడు బియ్యం, కాస్త వెనిగర్ పోసి ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పాలి. నేనే కనిపెట్టా. ఈ పని ఇంకెవరికీ ఇవ్వను."

స్మృతి మెట్టు మీదే ఆగిపోయింది. బియ్యం ఆలోచన ఆమెది. మూడేళ్ళుగా తిప్పుతున్న చెయ్యి ఆమెది, మణికట్టుకి పట్టీ ఇంకా ఉంది. జ్వరం నాడు కూడా ఇంత కడుపు మండలేదు. విచిత్రంగా, సీసాల మీద కోపం పోయింది. పాపం, అవేం చేశాయి?

పైకెళ్ళి బియ్యం, వెనిగర్ తెచ్చింది. అదితిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

"ఒకసారి చూపించు అనుదీప్, వీళ్ళు నేర్చుకుంటారు."

"ఇప్పుడా?" అని నవ్వాడతను. ఆమె నవ్వలేదు. రాజ్ ఉత్సాహంగా ముందుకి జరిగాడు. ఇక తప్పక అనుదీప్ తిప్పడం మొదలుపెట్టాడు. రెండో నిమిషంలో చెయ్యి మార్చాడు. ఆరో నిమిషంలో, చూడకుండానే, సీసాని ఆమె వైపు చాచాడు.

ఆమె అందుకోలేదు. అల్మరా తెరిచి, చేతికందిన డికాంటర్ మూత తీసి, తనకీ అదితికీ చెరో గ్లాసులో పోసి, ఆ గదిలో మొదటిసారి సోఫాలో వెనక్కి వాలి కూర్చుంది.

"ఇంకెవరికీ ఇవ్వనన్నావుగా. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది, కానివ్వు."