కంచె అవతలి కెప్టెన్

అసలు ఓడ వంటవాడి మునిమనవరాలినని చెప్పుకుంటూ ఒక్కతె అయినా ఈ దీవికి రాదేం, మునిగిన ఓడల్లో అందరూ కెప్టెన్లే ఉండేవాళ్లా ఏం, తెరచాప కట్టినవాడు లేడు, బంగాళాదుంపలు ఒలిచినవాడు లేడు, అని పార మీద గడ్డం ఆనించి అనుకుంటున్నాడు క్లెమ్ హాడో, ముందుపళ్ల వెనక తనకున్న అదనపు పన్నును నాలుక కొసతో అలవాటుగా తడుముకుంటూ, ఏడాదికి పదిమందైనా ఇలా విమానం దిగుతారు, కొత్త వానకోటు, ఫ్లాస్కులో టీ, వంశవృక్షమంటూ చంకలో ఓ లావుపాటి కట్ట, పోయినేడు ఒకాయనైతే ఒడ్డున నిలబడి గాలి పీల్చి మా ముత్తాత చుట్ట వాసన వస్తోందని కళ్లు తుడుచుకున్నాడు, అది కుళ్లిన సముద్రపు నాచు వాసన నాయనా అని క్లెమ్ చెప్పలేదు, ఎందుకు చెప్తాడు, పైగా అవునండీ, పడమటి గాలి తిరిగితే రమ్ము వాసన కూడా వస్తుంది అన్నాడు, ఆయన అదీ రాసుకున్నాడు, ఇదిగో ఇప్పుడు ఈవిడ, రోజలిండ్ పెవెరెల్, అడిలైడ్ నుంచి, ఇసుకదిబ్బ మీద మడతకుర్చీ వేసుకుని, సమాధి తవ్వకానికి ముత్యాల పోగులు పెట్టుకుని కూర్చుంది, కంచె లోపల ఉన్నది ఆవిడ ముత్తాత ఆంబ్రోస్ పెవెరెల్, లేడీ ఆరిస్టా ఓడ కెప్టెన్, పెద్ద రాయి, రాయి మీద లంగరు బొమ్మ, శీతాకాలం తుఫాన్లకు దిబ్బ సగం సముద్రంలోకి జారిపోయి కంచె స్తంభం ఒకటి గాల్లో వేలాడుతోంది కాబట్టి కెప్టెన్‌గారిని కొండ మీది శ్మశానానికి మార్చి కొత్త రాయి పెట్టిస్తారట, రాయి మీద వీరుడు అని చెక్కిస్తారట, తవ్వడానికి క్లెమ్‌ని పిలిచారు, ఎముకలు చూసుకోవడానికి హోబర్ట్ నుంచి పెట్రా అనే ఆవిడ వచ్చింది, చేతిలో పళ్లు తోముకునేంత బ్రష్షు, దాంతో సముద్రపు ఒడ్డంతా ఊడుస్తుంది కాబోలు, సరే ఊడవనీ, క్లెమ్ వచ్చింది కూలికి కాదు, ఆ కెప్టెన్ బయటపడి, ఈవిడ జేబురుమాలు బయటికి తీశాక, వీరుడు అని చెక్కేముందు ఒక్క మాట వినిపిద్దామని, నాలుగు తరాలుగా హాడోల నోట్లో నానుతున్న మాట, ఈ రోజు ముఖం మీద చెప్పెయ్యాలి.

టీ తాగుతారా క్లెమ్ గారూ అంటోంది ఆవిడ, బిస్కట్టు కూడా ఇచ్చింది, మీవాళ్లు కూడా ఈ ఓడలోనే వచ్చారటగా, ఆ, వచ్చారమ్మా, మా ముత్తాత టోబయాస్ ఒడ్డుకు చేరాడు, ఆయన తమ్ముడు ఇబెన్ చేరలేదు, అయ్యో, ఆయనేం చేసేవారు ఓడలో, ఉల్లిపాయలు తరిగేవాడు, అన్నాడు, అది వినగానే ఆవిడ ముఖం ఎలా పెడుతుందోనని చూశాడు, ఆవిడ నవ్వనైనా నవ్వలేదు, కప్పులోకి చూస్తూ తలూపింది, ఉల్లిపాయల మీద వీళ్లకేం గౌరవం ఉంటుంది, అనుకుని మళ్లీ పార దింపాడు, తడి ఇసుక బరువుగా లేచింది, ఆ రాత్రి ఓడ రాతికి కొట్టుకుని ఒరిగినప్పుడు టోబయాస్ విరిగిన కొయ్య పట్టుకుని నీళ్లలో తేలుతూ కళ్లారా చూశాడు, లాంతరు వెలుగులో ఇత్తడి గుండీలు తళతళమంటూ కెప్టెన్ కోటు అందరికంటే ముందు పడవలోకి దిగింది, తమ్ముడి జాడ లేదు, ఓడ మీదే వదిలేశారు, ఆ పడవనూ అల బోర్లించింది, శవాలు ఆలస్యంగా కొట్టుకొచ్చాయి, ముఖాలు చేపలు మిగల్చలేదు, టోబయాస్ జ్వరంతో లైట్‌హౌస్ వాళ్లింట్లో పడున్నాడు, లైట్‌హౌస్ వాళ్లు ఎవరెవరో తెలీక అందర్నీ దిబ్బ వెనక ఒకే గోతిలో పూడ్చి, కోటు తొడుక్కున్నవాణ్ణి మాత్రం కెప్టెన్ కదా అని విడిగా పూడ్చారు, వాడికి కంచె, వాడికి రాయి, వాడికి ఏళ్ల తరబడి పెవెరెల్ వాళ్ల తెల్లపూలు, ఇబెన్‌కి ఇసుక.

దిగరా, అనేవాడు నాన్న, ఈ చోటికి రాగానే బండి ఆపి, దిగి ఉమ్మరా, మన ఇబెన్‌ను ముంచి తాను పడవెక్కినవాడు వీడే, టోబయాస్ ఉమ్మాడు, తాత ఉమ్మాడు, నాన్న ఉమ్మాడు, క్లెమ్ మొదటిసారి ఉమ్మినప్పుడు కంచె దాటక తన చొక్కా మీదే పడింది, కెప్టెన్‌కి అందలేదురా, ఇంకాస్త గట్టిగా, అని నాన్న పడీపడీ నవ్వాడు, తర్వాత తర్వాత హాడో మగాళ్లందరికీ ఉండే ఆ వెనక పన్ను సందులోంచి పిచికారీలా కొట్టడం వచ్చేసింది, దంతాల డాక్టరు ఆ పన్ను పీకేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు, అది పీకేస్తే కెప్టెన్‌కి జవాబు ఎవడు చెప్తాడండీ అన్నాడు, కథ కూడా తరతరానికీ ఒళ్లు చేసింది, తాత చెప్పేసరికి కెప్టెన్ చేతిలో బంగారం సంచీ చేరింది, నాన్న చెప్పేసరికి చిలక పంజరం, క్లెమ్ తన కూతురికి చెప్పేసరికి ఇబెన్‌కి కాస్త చోటివ్వమని ఆ చిలకే కెప్టెన్‌ని బతిమాలింది, కెప్టెన్ దాని మెడ నులిమేశాడు, కథన్నాక ఆ మాత్రం ఉండాలి, కానీ కోటు మాత్రం ఎవరూ కల్పించింది కాదు, కోటు టోబయాస్ చూసింది, ఇక పెవెరెల్ వాళ్ల పూలంటారా, వాళ్ల విమానం లేవగానే అవి క్లెమ్ ఆవు తినేది, తెల్లపూలు తిన్నరోజు పాలు చిక్కగా వచ్చేవని ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

గుండీ, అంది పెట్రా గోతిలోంచి, పచ్చగా చిలుము పట్టింది, ఇంకొకటి, ఇంకొకటి, వరసగా మెడదాకా పెట్టి ఉన్నాయి, రోజలిండ్ కుర్చీలో ముందుకు వంగింది, ఇక రుమాలు తీస్తుంది, ఇక చెప్పాలి, క్లెమ్ గొంతు సవరించుకున్నాడు, ఆవిడ మాత్రం రుమాలు తియ్యలేదు, నవ్వుతోంది, ఏమీ అనుకోకండి, మా కెప్టెన్‌గారికి ఒక్క పన్ను కూడా ఉండేది కాదు, వయసులోనే అన్నీ పీకించేసుకున్నాడట, మాంసం ముద్ద చేసి పెట్టాల్సి వచ్చేదని మా నాయనమ్మ చెప్పి నవ్వించేది, అందుకని దవడ చూస్తే ఆయన్ని నేను కూడా గుర్తుపట్టగలను, అంటోంది, పళ్లు లేనివాడికి పడవెక్కే ఆత్రం మాత్రం తక్కువ కాలేదు అనుకున్నాడు క్లెమ్, ఆ మాటే పైకి అనబోయాడు, పెట్రా బ్రష్షు ఆగిపోయింది.

చిన్నవాడండీ ఇతను, అంది, పళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ అరగలేదు, కప్పులో టీ రోజలిండ్ ఒళ్లో ఒలికింది, తుడుచుకోలేదు, అయితే మా కెప్టెన్ కాదు, అంది మెల్లగా, మరి మా కెప్టెన్ కోటు ఇతని ఒంటి మీదికి ఎలా వచ్చింది, పెట్రా ఇంకా వంగి చూస్తోంది, ఇదొక వింత చూడండి, ముందుపళ్ల వెనక ఇంకో పన్ను, నేనింతవరకూ ఇలాంటిది చూడలేదు.

క్లెమ్ నాలుక ఆ పన్ను మీదే ఉంది, అక్కడే ఆగిపోయింది, తనది, నాన్నది, తాతది, ఇదిగో ఇసుకలోంచి పైకి చూస్తున్న ఇతనిది, ఇంతకీ టోబయాస్ చూసింది కోటును, ఇత్తడి గుండీలను, లోపల ఎవరున్నారో చూడలేదు, ఆ చీకట్లో, ఆ అలల్లో ఎవడు చూస్తాడు, వణుకుతున్న కుర్రాడికి ముసలి కెప్టెన్ తన కోటు తొడిగి ఉంటాడు, చలికి వేళ్లు కొంకర్లు పోయి ఇబెన్‌కి చేతకాక మెడదాకా గుండీలు ఆయనే పెట్టి ఉంటాడు, దిగు అబ్బాయీ అని అందరికంటే ముందు పడవలోకి దింపి ఉంటాడు, తాను ఉత్త చొక్కాతో ఓడ మీద నిలబడిపోతే చొక్కా చీకట్లో ఎవరికి కనిపిస్తుంది, ఆయన దిబ్బ వెనక గోతిలో ఉన్నాడో సముద్రంలోనే ఉన్నాడో, టోబయాస్ తమ్ముడి మీద ఉమ్మాడు, బతికినంతకాలం, తమ్ముడి కోసమే ఉమ్ముతూ తమ్ముడి మీదే, తాత, నాన్న, ఇంకాస్త గట్టిగా అన్న నాన్న, కెప్టెన్‌కి అందలేదన్న ఆ నవ్వు, ఇబెన్‌కి ఎవరైనా నాలుగు పూలు పెట్టారంటే ఈ ముత్యాల పోగులవాళ్లే పెట్టారు, వాటినీ ఆవుకు పెట్టాడు తను.

మీకేమైనా తెలుసా క్లెమ్ గారూ ఇతనెవరో, అని అడుగుతోంది రోజలిండ్, కంచె దగ్గర నిలబడితే చాలు క్లెమ్ నోట్లో ఉమ్మి దానంతటదే ఊరుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే, ఇప్పుడూ ఊరింది, నోరు నిండింది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలిసిన చోటు ఇదొక్కటే, ఆ చోట్లో ఇబెన్ గుండీలన్నీ పెట్టుకుని పడుకుని ఉన్నాడు, క్లెమ్ మింగాడు, ఉప్పగా, కష్టంగా మింగాడు, మావాడేనమ్మా అన్నాడు, ఉల్లిపాయలు తరిగేవాడు.