తోడికోడళ్ళ పేడలెక్క

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో పెద్దకోడలికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాలేజీలో తనకంటే రెండేళ్ళు చిన్నదైన పిల్లను, "బుద్ధిమంతురాలు, మా మరిదికి సరిపోతుంది" అని అత్తగారి చెవిలో ఊదింది ఆవిడే. పెళ్ళయింది. ఆ పిల్ల మొగుడితో పొరుగు దేశం వెళ్ళింది. వెళ్ళిన పిల్ల ఊరుకుందా అంటే అదీ లేదు. అక్కడా పేడ దగ్గరే ఉద్యోగం సంపాదించింది.

పేడ అనగానే నవ్వకండి. పశువుల పేడ కుళ్ళేటప్పుడు భూమిని వేడెక్కించే గ్యాసులు వస్తాయి. అవి ఏ మాత్రం వస్తున్నాయో కొలవడమే ఇద్దరి ఉద్యోగమూను. ఇక్కడ పెద్దకోడలు ఒక పాలకేంద్రం వెనక పెంటకుప్ప మీద సగానికి కోసిన నీలం డ్రమ్ము బోర్లించి, దాని బిరడాలోంచి సిరంజితో గాలి లాగి, సీసాల్లో పట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ల్యాబుకు తెచ్చుకుంటుంది. అక్కడ చిన్నకోడలికి పేడంతా మూతేసిన తొట్టెలో ఉంటుంది. పక్కనే గాజు గదిలో యంత్రం తనంత తానే లెక్క కడుతుంది. ఆ యంత్రం ఫోటో చూసిన రోజు పెద్దకోడలికి అన్నం సయించలేదు. తన ల్యాబులో ఫ్యాను కూడా చేత్తో తిప్పితే గాని తిరగదు.

ఇంతలో ఏ దేశపు పేడ ఎక్కువ గ్యాసు వదులుతోందో పోల్చి చూడాలని రెండు దేశాలూ అనుకున్నాయి. ఇక్కడ కొలిచేది ఈవిడ, అక్కడ కొలిచేది ఆవిడ. ఎవరి కొలత నికరమని తేలితే వాళ్ళే పెద్ద సభలో నిలబడి నివేదిక చదవాలి. ఒక్కసారి ఆ పిల్లను కింద వరుసలో కూర్చోబెట్టి తను పైనుంచి చదవాలని పెద్దకోడలి కోరిక. ఇంకేమీ అక్కర్లేదు.

ఆవుకు ఇంత అని లెక్క తీస్తే, ఇక్కడిది అక్కడి దాంట్లో మూడో వంతే వచ్చింది.

"అత్తయ్యా, మనం గెలిచాం" అంది వంటింటి గుమ్మంలోనే.

"దేంట్లో?"

"పేడలో. మనది తక్కువ, వాళ్ళది ఎక్కువ."

"ఎక్కువైతే కదమ్మా గెలుపు?"

"ఇందులో తక్కువే గెలుపు అత్తయ్యా."

అత్తగారు కాసేపు ఆలోచించి, "అయితే పాపం చిన్నది చిన్నబుచ్చుకోదు కదా" అంది. ఆ బెంగ చూసి పెద్దకోడలికి మళ్ళీ కడుపు మండింది. ఆ మంటలోనే, డ్రమ్ము పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి చిన్నకోడలికి పంపింది. "బాగుందక్కా" అని జవాబు వచ్చింది. అంతే, ఒక్క ముక్క. ఏడుస్తోంది కాబోలు అనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

వారం తిరక్కుండా మరిది ఫోన్ చేశాడు. పొరుగువాళ్ళు డ్రమ్ములతో సరిగ్గా కొలిచారు, నువ్వు ఇంత యంత్రం పెట్టుకుని తప్పు కొలిచావని అక్కడి ఆఫీసరు చిన్నకోడలి మీద పడ్డాడట. ఆ పని నుంచే తప్పిస్తానంటున్నాడట. "అయ్యో పాపం" అంది పెద్దకోడలు. లోపల మాత్రం ఏనుగెక్కినంత సంబరం.

మర్నాడు కుప్ప దగ్గర వంగి బిరడాలో సూది గుచ్చబోతుంటే, డ్రమ్ము అంచు కింద నుంచి ఒక ఈగ బయటికొచ్చింది. వెనకే ఇంకోటి. మరొకటి తాపీగా లోపలికి వెళ్ళింది. పైన పెంట ఎండి పెచ్చు కట్టడంతో అంచు దిగనేలేదు. ఈగ దూరే సందులో గ్యాసు దూరదా? సీసాలోకి వచ్చింది కాస్త, గాలిలో కలిసిపోయింది బోలెడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సభ తనది. పెద్దకోడలు కుప్ప పక్కనే గట్టు మీద చాలాసేపు కూర్చుంది. అసూయ ఉంది, కాదనదు. కానీ ఆ పిల్ల కంటే తను బాగా కొలుస్తుందన్న నమ్మకం మీదే ఆ అసూయంతా నిలబడింది. అది కాస్తా పోతే మిగిలేది ఉత్త ఏడుపు.

లేచి డ్రమ్ము పీకి, పెచ్చు పగలగొట్టి, అంచు జానెడు లోతుకు దిగేదాకా ఎక్కి తొక్కింది. చుట్టూ తడి పేడ మెత్తింది. కొత్త లెక్క వచ్చింది. అడుగున తడిసి ముద్దయిన కుప్ప చిన్నకోడలి తొట్టెకేమీ తీసిపోలేదు. రెండు దేశాలూ ఇంచుమించు సమానం.

"నా కొలత తప్పు. డ్రమ్ము సరిగ్గా దిగలేదు. మీ ఆఫీసరుకు రాసి పంపాను. సభలో నువ్వే చదువుకో" అంది ఫోనులో, ఒక్క గుక్కలో.

"తెలుసక్కా. నువ్వు పంపిన ఫోటోలోనే అంచు తేలి కనిపించింది."

"తెలిసీ ఊరుకున్నావా? నీ ఉద్యోగం మీదికి వచ్చింది కదే."

"కాలేజీలో డ్రమ్ము దింపడం నాకు నేర్పిందే నువ్వు. నీకు కనిపించకుండా పోతుందా అని ఆగాను. నేను చెబితే నిన్ను నలుగురిలో తప్పుపట్టినట్టుంటుంది." ఒక్క క్షణం ఆగి అంది. "సభకు ఇద్దరం వెళ్దాం. నువ్వే చదువు, నాకు నలుగురిలో గొంతు వణుకుతుంది."



"నిన్ను చూసి హాయిగా కుళ్ళుకోనివ్వవు కదే" అంది పెద్దకోడలు.

వేళాకోళానికే అందనుకుని అవతల చిన్నకోడలు పకపకా నవ్వింది.