ఇచ్చావా, తీసుకున్నాడా

విలిమైనా గది తలుపు తెరవగానే మామిడిపండు వాసన గుప్పున కొట్టింది. గదిలో మామిడిపండు లేదు. ఓడ సిడ్నీలో కదిలి నాలుగు రోజులైంది, నాలుగు రోజులుగా ఆ గదిలో ఇదే వాసన. పొగ తాగరాదని తలుపు మీద ఒక కాగితం, బల్ల మీద ఇంకొకటి. ఈ-సిగరెట్టు కూడా సిగరెట్టే అని వాటి కింద ఎర్ర అక్షరాలు. బల్ల మీది కాగితానికి బీరు గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ కూడా ఉంది. గదిలో దిగిన ట్రెంబాత్ దొరగారికి చదువు రాదనుకోవడానికి లేదు. బ్రిస్బేన్‌లో బడిపంతులుగా చేసి రిటైరయ్యానని ఆయన మొదటి రోజే చెప్పుకున్నాడు.

"నేను పీల్చేది ఆవిరి అమ్మాయ్. మీ వంటగదిలో కుండ మూత తీస్తే వచ్చేదీ అదే," అన్నాడు నిన్న, ఆమె మర్యాదగా గుర్తు చేస్తే.

విలిమైనా నవ్వి ఊరుకుంది. పదకొండేళ్ళుగా ఓడల్లో గదులు సర్దుతున్న మనిషి. ఎక్కడ నవ్వి ఊరుకోవాలో ఒకరు చెప్పక్కర్లేదు.

ఇవాళ పక్క సర్దబోతూ యథాలాపంగా పైకి చూసింది. పైకప్పుకి బిగించిన పొగ కనిపెట్టే డబ్బాకి ఎవరో స్నానాల టోపీ తొడిగారు. ఊళ్ళో ఇల్లంటుకుంటే వీధిలోకి పరుగెత్తవచ్చు. ఓడ అంటుకుంటే ఏ వీధిలోకి పరుగెత్తాలి? రెండు వేలమంది నిశ్చింతగా నిద్రపోతున్నారంటే ఆ అరచేతి డబ్బాల ధైర్యంతోనే. అలాంటిదాని ముక్కు మూసేసి ఈ పెద్దమనిషి గుడ్లూ రొట్టే తినడానికి వెళ్ళాడు. ఆమె కుర్చీ ఎక్కి టోపీ పీకి, అసహ్యం కొద్దీ చెత్తసంచిలో అడుక్కంటా కుక్కింది.

దిండు ఎత్తితే ఇంకో ఘోరం. వేలెడంత పసుపుపచ్చ ఈ-సిగరెట్టు, ఛార్జరు తీగతో సహా, దుప్పటి మీద పడుకుని ఉంది. ముట్టుకుంటే చురుక్కుమంది. గబుక్కున తీగ లాగేసి, తడిగుడ్డలో చుట్టింది. ఇలాంటివి కనబడితే చెయ్యి పెట్టకూడదు, సూపర్వైజరుకి ఫోను చేసి గుమ్మంలో నిలబడాలి, అదీ రూలు. రెండుసార్లు ఫోను చేసింది, ఎవరూ ఎత్తలేదు. కాలిపోతున్న బ్యాటరీని దిండు కింద వదిలి గుమ్మంలో నిలబడమన్న మహానుభావుడు జన్మలో పక్క సర్ది ఉండడు. ఆమె మూటని ఏప్రాను జేబులో వేసుకుని, తనే సూపర్వైజరుకి అప్పగిద్దామని సిబ్బంది మెట్లు దిగింది.

మూడో అంతస్తులో, దుప్పట్ల బండి తోసుకుంటూ అపకుకి ఎదురయ్యాడు.

అపకుకి ఓడ లాండ్రీలో పనిచేస్తాడు. ఆమెది కందావు దీవిలో ఒక ఊరు, అతనిది బెంగా దీవిలో ఇంకో ఊరు. రెండు ఊళ్ళకీ తాతలనాటి మూలదేవుడు ఒక్కడే, అంచేత వాళ్ళు తౌవు. తౌవు అంటే నోటికొచ్చినట్టు తిట్టుకోవచ్చు, కంటికి నచ్చింది లాక్కుపోవచ్చు. కోపం తెచ్చుకోవడానికి మాత్రం వీల్లేదు. బావామరదళ్ళ వేళాకోళం దీని ముందు పురాణ కాలక్షేపంలా ఉంటుంది. ఈ అయిదేళ్ళలో అపకుకి ఆమె దువ్వెనలు లాక్కున్నాడు, బిస్కట్లు లాక్కున్నాడు, ఒకసారి భోజనాల దగ్గర కంచంలోంచి వేయించిన చేపని తల పట్టుకుని ఎత్తుకుపోయాడు. ఆమె తక్కువది కాదు. అతను స్నానానికి వెళ్ళినప్పుడు బట్టలన్నీ మోసుకుపోతే, తువ్వాలు చుట్టుకుని ఓడ సగం తిరిగాడు. ఆ కథ ఫోన్లో రెండు ఊళ్ళకీ చేరి, రెండు ఊళ్ళూ వారం రోజులు నవ్వాయి.

"ఏమే కందావు పీతా, అడ్డంగా ఎక్కడికి పాకుతున్నావు?"

"మీ ఊరికే. మా తాతల పడవలు మోసి మోసి మీ తాతలకి నడుములు వంగిపోయాయటగా. రెండు గుద్దులు గుద్ది సరిచేసొద్దామని."

"మా తాతలు మోసింది పడవని కాదే, అందులో గుర్రుపెట్టిన మీ తాతల్ని. జేబు ఉబ్బింది, ఏం దాచావు?"

"నీకు పనికొచ్చేది కాదు. జరుగు."

అతని చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళి వచ్చేసింది. గుడ్డ విప్పి చూసి కళ్ళెగరేశాడు. "ఓసి నీ అమ్మమ్మ కడుపు చల్లగా, ఎప్పట్నించే ఈ షోకు?"

"అపకుకీ, అది వేరే. ఇటివ్వు."

"వేరేదైతే మరీ మంచిది."

బండి తోసుకుంటూ లిఫ్టులో దూరాడు. ఆమె నాలుగడుగులు పరుగెత్తింది, నవ్వుతూనే పరుగెత్తింది. తలుపు మూసుకుంటూ ఉంటే అతను నాలుక బయటపెట్టి వెక్కిరించాడు. నవ్వకుండా ఒక్క మాట, "ఇది ప్రయాణికుడిది" అని ఉంటే, అక్కడికక్కడే ఇచ్చేసేవాడు. కానీ తౌవు ఎదురుపడితే నోరు దానంతటదే నవ్వుతుంది, చిన్నప్పటి అలవాటు అలాంటిది.

ఆమె సూపర్వైజరు గది తలుపు కొట్టేలోపలే గంటలు మోగాయి. నిప్పు పాకకుండా ఆపే తలుపులు ఒక్కొక్కటే దఢేలుమని మూసుకున్నాయి. మూడో అంతస్తు, దుప్పట్ల గది అని మైకులో చెప్పారు. ముసుగులు తగిలించుకున్న నిప్పుదళం వాళ్ళు ఆమెని గోడకి నెట్టేసి పరుగెత్తారు. దుప్పట్ల గదంటే నేల నుంచి పైకప్పు దాకా నూలే. రవ్వ పడితే చాలు. మడతల మధ్య అపకుకి కాలిపోతున్నట్టు విలిమైనా కళ్ళముందు కనబడింది.

కాసేపటికి అపకుకిని చెరో రెక్కా పట్టుకుని బయటికి తెచ్చారు. మంటా లేదు, మసీ లేదు. అతని చుట్టూ మామిడిపండు వాసన.

"ఒక్క దమ్మే," అంటున్నాడు అందరితోనూ. "లాండ్రీ వాళ్ళని నవ్విద్దామని, ఒక్క దమ్ము." నలభై రెండేళ్ళవాడి ముఖం అద్దం పగలగొట్టిన పిల్లాడి ముఖంలా ఉంది. బతికున్నాడని ఆమెకు ఏడుపొచ్చింది, చెంప పగలగొడదామనీ అనిపించింది.

భోజనాలయ్యాక భద్రతాధికారి టోమిస్లావ్ ఇద్దర్నీ పిలిపించాడు. పెద్దగా అరిచే మనిషి కాదు. బల్ల ముందు కుర్చీలో ట్రెంబాత్ దొరగారు కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"నా వస్తువుని నా దిండు కింద నుంచి దొంగిలించారు," అన్నాడాయన. "అది మీ పనివాడి నోట్లో దొరికింది. ఇంకేం కావాలి?"

విలిమైనాకి తన చెవులు తనవేనా అనిపించింది. "సార్, ఈయన గదిలో పొగ డబ్బాకి టోపీ తొడిగి ఉంది. నేనే తీశాను."

"ఆ టోపీ ఏది?" అడిగాడు టోమిస్లావ్.

"చెత్తసంచిలో వేశాను."

పొద్దుటి చెత్త పదింటికే నలగ్గొట్టే యంత్రంలోకి వెళ్ళిపోయింది. ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. ట్రెంబాత్ తన నున్నటి గుండు నిమురుకుని, "స్నానాల టోపీ నాకెందుకమ్మాయ్?" అన్నాడు. ఆయన చేతిలో ఒక హెచ్చరిక కాగితం పెట్టారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని ఈతకొలను వైపు వెళ్ళిపోయాడు. దొంగ ఎదురొచ్చి దొంగా అనడం సామెతల్లో వినడమే గాని, కళ్ళారా చూడ్డం విలిమైనాకి అదే మొదలు.

తలుపు మూసుకున్నాక టోమిస్లావ్ ఒక ఫారం ముందుకు లాక్కున్నాడు. "ఇది చేతులు మారిన సంగతి రాయాలి. అపకుకీ, నీకెలా వచ్చింది?"

"ఆమె జేబులోంచి తీసుకున్నాను సార్," అన్నాడు అపకుకి. ఆ మాటతో అంతా తేలిపోయినట్టే చెప్పాడు. "ఆమె నా తౌవు."

"తౌవు అంటే?"

"ఆమెది నాది, నాది ఆమెది."

"ఆమె ఒప్పుకుని ఇచ్చిందా?"

"ఒప్పుకోవడం ఏంటి సార్. అడిగి తీసుకుంటే తౌవు ఎలా అవుతుంది?"

టోమిస్లావ్ కలం కింద పెట్టి కళ్ళు నులుముకున్నాడు. ఆయనకీ ఇంగ్లీషు సొంత భాష కాదు, వాళ్ళకీ కాదు. పరాయి మాటల మీద ముగ్గురి బతుకులూ నడుస్తున్నాయి. "వినండి. ఇందులో రెండే గడులున్నాయి. ఆమె ఇచ్చి ఉంటే, అతని తప్పు పొగ ఒక్కటే. రేపు మీ దేశంలోనే, సువాలో దింపేస్తాం, రెండు నెలలాగి మళ్ళీ రావచ్చు. కానీ ప్రయాణికుడి వస్తువు ఇంకొకరికి ఇచ్చినందుకు విలిమైనాకి మళ్ళీ ఓడ లేదు. అతను చెప్పకుండా తీసుకుని ఉంటే, అది దొంగతనం. ఆమెకి హెచ్చరికతో సరి, అతనికి మళ్ళీ ఏ ఓడా లేదు. వస్తువు ఆమె చేతిలోంచి పోయింది కాబట్టి ఆమె మాటే రాస్తాను. విలిమైనా, నువ్వు ఇచ్చావా, అతను తీసుకున్నాడా?"

తౌవు మధ్య ఇవ్వడం, తీసుకోవడం వేరువేరని ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అనలేదు. పోయినేడు తుఫాను ఆమె ఇంటి పైకప్పు ఎత్తుకుపోయింది. తల్లీ, చనిపోయిన చెల్లెలి పిల్లలు ముగ్గురూ ఇంకా టార్పాలిన్ కిందే ఉన్నారు. వానొస్తే చిన్నది ఆమెకి ఫోన్లో వినిపించేది, చూడు పెద్దమ్మా మన ఇల్లు డప్పు కొడుతోంది అని. అతనికీ నలుగురు ఆడపిల్లలు. అపకుకి వైపు చూసింది. అతను బతిమాలడం లేదు, భయపడడమూ లేదు. ఆమె ఏం తిడుతుందా అని నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"తీసుకున్నాడు," అంది.

అది అబద్ధం కాదు. తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా అబద్ధం కాదు.

అపకుకి పకాలున నవ్వాడు. "బాగా పేల్చావే పీతా," అని మిగతా మాట కోసం చూశాడు. మిగతా మాట రాలేదు. టోమిస్లావ్ రెండో గడిలో గీత పెట్టి, రాసింది పైకి చదివాడు. తోటి ఉద్యోగి దగ్గర దొంగతనం. నవ్వు అపకుకి ముఖం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. ఆమె సంతకం పెడుతుంటే అతను గోడ మీది ఓడ పటం చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున ఓడ సువా రేవులో ఆగింది. సిబ్బంది బంధువుల్ని ఓడ పక్కదాకా గంటసేపు రానిస్తారు. విలిమైనా మేనమామ అరటాకుల్లో కాల్చిన చేప, ఉడికించిన కర్రపెండలం పట్టుకుని కిందనే నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ ముసలాయన, ఊరందరి మీదా జోకులేసే మనిషి. ఆమె ఊరివాడే, అంచేత అపకుకికి ఆయనా తౌవే. ఆమె దిగువ తలుపు దగ్గరికి వచ్చేసరికి, అపకుకి సంచి భుజాన వేసుకుని ఇద్దరు గార్డుల మధ్య మెట్లు దిగుతున్నాడు.

రాత్రంతా ఆమె అనుకున్నది ఒకటే. ఒక్క తిట్టు తిడితే చాలు. తను తిడితే అతను తిడతాడు, కోపం లేదని తెలుస్తుంది, ఊళ్ళో పెద్దలు పెద్దలతో మాట్లాడుకుంటారు, ఎలాగో అతుక్కుంటుంది.

"ఏరా చేపతలకాయ్," అని పిలిచింది. "చెప్పకుండా పోతున్నావేం, నా దువ్వెనలు ఎవడిస్తాడు?"

అతను ఒక మెట్టు మీద ఆగాడు. తల ఎత్తలేదు. మళ్ళీ దిగాడు.

సంగతి తెలియని మేనమామ అతన్ని చూసి వెలిగిపోయాడు. "రారా దొంగవెధవా," అంటూ ఎదురెళ్ళి, ఆచారం ప్రకారం అతని భుజం మీది సంచి గుంజుకున్నాడు. "సముద్రాలు దాటొచ్చావు, నీ తౌవుకి ఏం తెచ్చావు? ఏది బాగుంటే అది నాది."

అపకుకి సంచి వదిలేశాడు. తనే వంగి, దాన్ని ముసలాయన చేతిలోంచి కాళ్ళ దగ్గరికి దించి, జిప్పు చివరిదాకా లాగి తెరిచాడు. బెంగా వాడు కందావు వాడితో తరతరాల్లో ఎన్నడూ మాట్లాడనంత మర్యాదగా, తల వంచుకుని అన్నాడు.

"చూసుకోండి బాబాయి గారూ. మీ వాళ్ళ వస్తువేదైనా నా దగ్గర ఉండిపోయిందేమో, మీరే వెతికి తీసుకోండి."

సంచిలో పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉండగా, ముసలాయన తలెత్తి ఓడ తలుపు వైపు చూశాడు. "ఏం చేశావే?" అన్నాడు.