మూత అతిథి దగ్గరే ఉండాలి

చెంచాడు జావ పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది. కినుయె దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది. దిండ్లకు చేరగిలబడిన భర్త సుయెకిచి నోరు తెరవలేదు. పక్షవాతం వచ్చాక అతనికి మాట పడిపోయింది, ఎడమ పక్కంతా చచ్చుబడింది. మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. అది మెల్లగా లేచి జావగిన్నె మీద బోర్లా పడింది.

కినుయె నవ్వేసింది. "చేత్తో మూస్తే చెల్లుతుందా? మూత పెట్టాలి. మా హోటల్ రూలు మీకు కొత్తా ఏంటి?"

ఆ చేతిని పక్కకు నెట్టి మరో చెంచా నోట్లో పెట్టింది. అది ఆమె పనిచేసే హోటల్లోని ఎర్ర లక్కగిన్నె. అంచు పెచ్చు లేచిందని పారేయబోతుంటే అడిగి తెచ్చుకుంది. పక్కనే ఉన్న దాని మూతను అతని చెయ్యి అందకుండా కిటికీ గట్టు మీద పెట్టింది. జావ అతని గడ్డం మీదుగా కారింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

తినడం మానేస్తే ఆస్పత్రిలో చేర్చి పొట్టకు గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని సుయెకిచి పరుపు అంచు గట్టిగా పట్టుకున్నాడు, ఎంతకూ వదల్లేదు. అందుకే కినుయె పూటపూటా చెంచాతో పోరాడుతోంది. తిన్నంతకాలం ఇంట్లో ఉంటాడు, తనకు ఉంటాడు. ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే.

కప్పు మీద మంచు బరువుకు దూలం కిర్రుమంది. మధ్యాహ్నం ఓసారి తొంగిచూడమని పక్కింటి తకేనోకు చెప్పి, ఆమె మొరియోకా ఊళ్లోకి పోయే బస్సెక్కింది.

హోటల్ చూరుకు మనిషి పొడుగున మంచు ఊచలు వేలాడుతున్నాయి. కినుయె కిమోనో చేతులు పైకి లాగి తాడుతో కట్టుకుంది. పొట్టి మనిషి, భుజాలు మాత్రం బలమైనవి. ఎన్నో ఏళ్లుగా ఒకే పని చేసిచేసి కుడి మణికట్టు ఎముక ఉబ్బిపోయింది. వాంకో సోబా వడ్డించడమే ఆ పని. చిన్న గిన్నెలో ఒక్క గుక్కకు సరిపడా సోబా నూడుల్స్. అతిథి మింగీ మింగకముందే పళ్లెంలోంచి మరో గుక్క అతని గిన్నెలో పడాలి. "కానీయండి, ఇంకా కానీయండి!" అని అరుస్తూ వెయ్యాలి. గిన్నెలో ఒక్క పోగు కూడా లేకుండా తిని అతిథి మూత పెట్టేస్తే ఆట ముగిసినట్టే. మూత పడేలోపు ఇంకోటి వేసెయ్యడం వడ్డించేవాళ్ల నేర్పు. ఆ నేర్పులో కినుయెను మించినవాళ్లు లేరు.

ఆ రోజు కగోషిమా నుంచి ఆఫీసువాళ్లు కొందరు వచ్చారు. వాళ్లలో లావుపాటాయన ఒకడు స్నేహితుల కేకలకు రెచ్చిపోయి తింటున్నాడు. కాసేపటికి అతని నుదుటికి చెమట పట్టింది. చెయ్యి మూతకోసం కదిలింది. కినుయె వేసింది. మళ్లీ కదిలింది. మళ్లీ వేసింది. అతని ముఖం పాలిపోయింది. చెయ్యి బల్లంతా తడుముతోంది.

"అక్కా," పక్క బల్ల దగ్గర వడ్డిస్తున్న మిసావో నెమ్మదిగా అంది. "మూత."

మూత కినుయె ఎడమ చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకే తెలీదు. అతిథులు నవ్వడం మానేశారు. ఎంత తొందర పెట్టినా, ఎంత ఆట పట్టించినా మూత అతిథి దగ్గరే ఉండాలి. ఇన్నేళ్లలో ఆమె ఆ గీత దాటలేదు.

"చంపేద్దామనుకున్నారా ఏంటమ్మా?" అన్నాడు లావుపాటాయన. అతనికి నవ్వు రాలేదు.

కినుయె నేలకు తల ఆనించి క్షమించమంది. వంటింట్లోకి వెళ్లి నిలబడింది. బయట మంచు ఊచ ఒకటి విరిగిపడ్డ చప్పుడుకు ఉలిక్కిపడింది. పొద్దున తను చేసిందీ ఇదే. సుయెకిచి చెయ్యి అడిగింది, తను మూత దాచేసింది. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

సుయెకిచి పిండిమర లారీ నడిపేవాడు. పెళ్లికి ముందు ఓ సెలవురోజు అతిథిగా వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. తింటూనే ఉన్నాడు. కళ్లు తేలేస్తున్నా మూత ముట్టుకోలేదు. చివరికి కినుయే విసుక్కుంది. "మూత పెట్టండి బాబూ, నా చెయ్యి నొప్పెడుతోంది." వెంటనే పెట్టేశాడు. ఆమె చెప్పేదాకా లేవకూడదనుకున్నాడట. పెళ్లయ్యాక ఆ మాట చెప్పి సిగ్గుపడ్డాడు.

పొద్దుగూకే వేళకు బస్సు దిగింది. మంచులో తకేనో అడుగులు ఇంటి దాకా వచ్చి, తిరిగి వెళ్లాయి. కిటికీలో దీపం లేదు. కినుయె గబగబా తలుపు తీసి లోపలికి వెళ్లింది.

సుయెకిచి కళ్లు తెరిచే ఉన్నాడు. రొమ్ము కొద్దిగా లేచి పడుతోంది. తకేనో పెట్టి వెళ్లిన జావ ముట్టుకున్నట్టు లేదు. కినుయె దాన్ని వేడిచేసి లక్కగిన్నెలో పోసింది. చెంచా పట్టుకుంది. తర్వాత లేచి, కిటికీ గట్టు మీది మూత తెచ్చి అతని చేతి పక్కన పెట్టింది.

అతను మూతను చూశాడు. ఆమెను చూశాడు. నోరు తెరిచాడు. ఒక చెంచా తిన్నాడు. కష్టపడి ఇంకోటి తిన్నాడు. గొంతులో జావ గురగురలాడింది. వేళ్లు మూతను తాకాయి, ఎత్తలేదు. ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు.

అతను దేనికోసం ఆగాడో ఆమెకు అప్పుడు అర్థమైంది. చెప్పకపోతే రేపు కూడా తింటాడు. ఎల్లుండి కూడా. తనకోసం.

"పెట్టెయ్యండి," అంది. చెంచా కింద పెట్టి మళ్లీ అంది. "మూత పెట్టండి బాబూ. నా చెయ్యి నొప్పెడుతోంది."

అతని పెదవి కుడి కొస కదిలింది. మూత లేచింది, వణికింది, గిన్నె మీద పడింది.

గది వెచ్చబెట్టే పొయ్యిలో కిరోసిన్ అయిపోతే పోసుకురావడానికి ఆమె వెనక గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతని రొమ్ము కదలడం లేదు. కినుయె డబ్బా కింద పెట్టి అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. కప్పు మీద మంచు జారి వాకిట్లో దబ్బున పడింది.

ఎర్ర మూత ఒక పక్కకు ఒరిగి, పెచ్చు లేచిన అంచు కనిపిస్తోంది. ఆమె దాన్ని సరిచెయ్యలేదు.