రాజలింగం సార్ కారు కవరు

నేను ఒక కారు కవరును. వెండి రంగు, అంచుల్లో ఎలాస్టిక్, వాన చుక్క లోపలికి దిగనివ్వని బట్ట. నన్ను మిషన్ మీద కుట్టిన ఆవిడ చివరి దారం కొరికి, "పో, మంచి కారు దొరకాలె నీకు" అని దీవించింది. ఆ దీవెన ఎటు పోయిందో గానీ, నేను మాత్రం బోడుప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో, రాజలింగం సార్ చేతిలో పడ్డాను.

సార్ రిటైరైన లెక్కల మాస్టారు. చూపు మందగించి కారు అమ్మేశారు. జాగా ఖాళీగా వదిలితే తెల్లారేసరికి పక్కవాళ్ల బండ్లు పట్టేస్తాయని భయం. అందుకని విరిగిన మంచం, పాత కూలరు, రెండు కుర్చీలు కారు ఆకారంలో పేర్చి, పైన కప్పడానికి నన్ను కొనుక్కొచ్చారు. లెక్కల మాస్టారు కదా, బానెట్ వాలు కూడా కుదిర్చారు! ఆదివారం ఆదివారం నన్ను దులిపి, "బండి మంచిగుంది" అని నలుగురికీ వినపడేలా అనేవారు. అబద్ధం కోసం మనుషులు పడే కష్టం చూస్తే జాలేస్తుంది.

రెండో అంతస్తులో సార్‌కు ఇంకో ఫ్లాటు ఉంది, అద్దెకిచ్చేది. దసరా రోజు దాన్ని చూడటానికి నవనీత వచ్చింది. కేకులు చేసి ఇళ్లకు చేరవేసే పిల్ల. స్కూటర్ మీద మూడంతస్తుల కేకు బయల్దేరితే ఒకటే అంతస్తు చేరేదట. అందుకే కారు కొనుక్కుంది. ఆ కారు గేటుకు అడ్డమని ఇప్పటి ఓనరు శనివారంలోగా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఇరవై ఇళ్లు తిరిగింది. పార్కింగ్ ఉందన్నవాళ్లంతా సైకిలు పట్టే సందు చూపించారు.

"ఇల్లు మస్తు నచ్చింది సార్. కారుకు జాగ ఇస్తే ఇప్పుడే తీసుకుంట."

"ఉన్నది ఒక్కటే జాగ బిడ్డా. అండ్ల నా కారుంది."

ఆమె ముఖం వాడిపోయింది. నాకు సిగ్గేసింది.

అప్పుడే వాహన పూజ చేస్తూ అయ్యగారు వరసలో మా దగ్గరికి వచ్చారు.

"కవరు తియ్యుండ్రి సార్. బొట్టు బండికి పెట్టాలె గని బట్టకు పెడ్తమా?"

"వద్దు అయ్యగారూ, దుమ్ము పడ్తది!"

ఇంకా పద్నాలుగు బండ్లకు పూజ చేయాల్సిన మనిషి ఆయన. నన్ను పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

మొదట నోరు తెరిచింది సార్ భార్య సుగుణమ్మ. "నా కూలర్! రిపేరుకిచ్చిన్నని రెండేండ్ల సంది చెప్తున్నవ్ కదయ్యా!"

అయ్యగారు తొణకలేదు. వంగి చూసి, "చక్రాలైతే ఉన్నయి" అంటూ కూలరుకు బొట్టు పెట్టి, కింద నాలుగు నిమ్మకాయలు సర్దారు. ఆనవాయితీ తప్పకూడదు కదా. సార్ తల వంచుకుని కూలరును ముందుకు తోశారు. నిమ్మకాయలు చిట్లాయి. సెల్లారంతా నవ్వింది, నవనీత తప్ప.

"మీ బండి బయటికొచ్చింది కద సార్," అందామె. "నాది లోపలికి తెచ్చుకోనా?"

సార్ ఫ్లాటు తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆ జాగాకు సారే కాపలా. పొద్దున ఆమె కేకులతో గేటు దాటగానే మంచం, కుర్చీలు పేర్చి నన్ను కప్పుతారు. సాయంత్రం హారన్ వినపడగానే నన్ను మడతపెట్టి మూలకు గిరాటేస్తారు. రోజూ తన కారుకు నన్ను కప్పి తీసే తీరిక ఆ పిల్లకు లేదు. ఇంటికి నిజం కారు వచ్చినా దాని వెచ్చదనం నేనింకా ఎరగను. కుళ్లుగానే ఉంటుంది, దాచుకోను.

కానీ నిన్న మధ్యాహ్నం ఎవరో స్కూటర్ పెట్టబోయి, నన్ను చూసి, "అరె, కారున్నది" అని వెనక్కి తిప్పుకుపోయాడు. లోపలున్నది విరిగిన మంచమే అయినా నా ఒళ్లు ఉప్పొంగింది.